మూడవ భాగం ఏమైంది?



గత సంవత్సరం చలికాలంలో ఒక ఉదయం మేము మదరసా పై అంతస్తులో విద్యార్థులకు తిర్మిజీ గ్రంథం నుండి హదీసు పాఠం చెబుతున్నాము. హజ్రత్ మిఖ్దామ్ బిన్ మాదీకరిబ్ (రజి) ఉల్లేఖించిన సుప్రసిద్ధ హదీసు ఆనాటి పాఠం. మనిషి నింపే పాత్రల్లో కడుపును మించిన చెడ్డ పాత్ర మరొకటి లేదని, నడుము నిలబెట్టే కొద్దిపాటి ముద్దలే అతనికి చాలునని, ఇంకా తినక తప్పదనుకుంటే కడుపులో మూడవ వంతు ఆహారానికి, మూడవ వంతు నీటికి, మూడవ వంతు శ్వాసకు ఉంచుకోవాలని దైవప్రవక్త (స) బోధించిన విషయం ఎరుగని ముస్లిం కుటుంబం బహుశా ఉండదు. ఉల్లేఖకుల పరంపరను, పదాల అర్థాలను, పండితుల వ్యాఖ్యానాలను వివరించి, అలవాటు ప్రకారం సందేహాలేమైనా ఉన్నాయా అని అడిగాము.

వెనుక వరుసలోని ఒక బాలుడు లేచి, “హజ్రత్, శ్వాస కోసం ఉంచాల్సిన ఆ మూడవ భాగంలో కూడా అన్నమే పెడితే ఏమవుతుంది?” అని అడిగాడు. అడిగినవాడి ముఖంలో అల్లరి ఏమాత్రం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. కానీ తరగతి మొత్తం మావైపు చూసి తలలు వంచుకున్నది. ఎందుకంటే రెండు అంతస్తుల మెట్లెక్కి వచ్చిన మా ఆయాసం పాఠం సగం వరకు తీరలేదు. గ్రంథం పక్కన పెట్టుకున్న చేతిరుమాలు చెమటకు తడిసి ఉన్నది. ఆ బాలుని ప్రశ్నకు సమాధానం వారి ఎదుటే కూర్చుని ఉన్నది.

ఈ శీర్షికలో ఇన్నాళ్ళుగా మేము పిల్లల పెంపకం గురించి, బంధుత్వ హక్కుల గురించి, వ్యాపారంలో నిజాయితీ గురించి వ్రాస్తూ వచ్చాము. ఈ నెల మా సొంత కడుపు గురించి వ్రాయదలిచాము. చెప్పుకోవడానికి కొంత సిగ్గుగానే ఉన్నది. అయినా మన ఇళ్ళల్లో ఈ విషయం మౌనంగా ఎంతమందిని మింగుతున్నదో చూస్తున్నాము కనుక సిగ్గును పక్కన పెడుతున్నాము.

కుర్చీ దాకా వచ్చిన కథ

మా ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. ఆనాటికి బరువు 91 కిలోలు. యాభై దాటిన వయస్సు, రోజంతా కూర్చుని చేసే బోధన, పాఠానికీ పాఠానికీ మధ్య చాయ్, వారానికి కనీసం ఒక దావత్. పెళ్ళి వలీమాలో, అఖీఖాలో, కొత్త ఇల్లు కట్టుకున్నవారి విందులో దుఆ చేయడానికి మౌలానాను పిలుస్తారు. పిలిచినవారు ప్రేమతో పళ్ళెంలో రెండవసారి బిర్యానీ వడ్డిస్తారు. కాదంటే నొచ్చుకుంటారేమోనని మనం తింటాము. అలా ఇరవై సంవత్సరాలు ఎవరినీ నొప్పించకుండా బ్రతికాము. నొచ్చుకున్నవి మా మోకాళ్ళు మాత్రమే.

రెండేళ్ళ క్రితం సజ్దాలో నుండి లేవడం కష్టమైంది. తరువాత కూర్చోవడం కూడా కష్టమైంది. చివరికి మస్జిదులో ఒక పక్కన కుర్చీ వేసుకుని నమాజు చేయడం మొదలుపెట్టాము. అనారోగ్యం ఉన్నవారు కూర్చుని, అదీ సాధ్యం కాకపోతే పడుకుని నమాజు చేయవచ్చని హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) హదీసు ద్వారా మనకు తెలుసు. ఈ వెసులుబాటు అల్లాహ్ కారుణ్యం. కుర్చీలో నమాజు చేసే ఏ సోదరుణ్ణీ, ఏ సోదరినీ ఎవరూ వేలెత్తి చూపరాదు. అయితే మా విషయంలో ఆ వెసులుబాటు అవసరమయ్యే స్థితిని మా చేతులతో మేమే తెచ్చుకున్నామన్న సంగతి మాకు తెలుసు. అదే మమ్మల్ని లోలోపల బాధించింది.

ఇంతకన్నా పెద్ద హెచ్చరిక మా ఇంట్లోనే జరిగింది. మా పెద్దన్నయ్యకు చక్కెర వ్యాధి పదేళ్ళకు పైగా ఉండేది. “చక్కెర వచ్చిందని అల్లాహ్ ఇచ్చిన ఆహారాన్ని వదులుకుంటామా?” అనేవారు. ముందు కాలి వేలు పోయింది, తరువాత పాదం పోయింది, చివరికి వారే పోయారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. జనాజా నమాజుకు మమ్మల్నే ముందు నిలబడమన్నారు. ఆ నమాజులో రుకూ, సజ్దా లేవు కనుక మేము నిలబడగలిగాము. ఆ రోజు ఆ ఆలోచన వచ్చినప్పుడు కలిగిన దుఃఖాన్ని ఇక్కడ వ్రాయలేము.

మనదేశంలో భారత వైద్య పరిశోధనా మండలి సహకారంతో జరిగిన విస్తృత సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని ప్రకారం దేశంలో చక్కెర వ్యాధిగ్రస్తులు 10 కోట్లకు పైమాటే. ఆ వ్యాధి అంచున ఉన్నవారు 13 కోట్లకు పైగా ఉన్నారు. అంటే ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు.

మొదటి ప్రయత్నం, మొదటి గుణపాఠం

ఆ బాలుని ప్రశ్న విన్న రోజు ఇంటికి వెళ్ళగానే, “నేటి నుండి మాకు అన్నం వద్దు” అని మా ఇంటివారితో ప్రకటించాము. ఉదయం చాయ్, మధ్యాహ్నం కీరదోసకాయ ముక్కలు, రాత్రి మజ్జిగ. పది రోజుల్లో నాలుగు కిలోలు తగ్గామని సంతోషించాము. నిగ్రహమంటే ఇదేనని కొంత గర్వం కూడా కలిగింది. వాస్తవానికి అలా మొదట్లో వేగంగా తగ్గే బరువులో ఎక్కువ భాగం నీరే. మిగిలిన దానిలో కండరం కూడా ఉంటుంది.

పదకొండవ రోజు పాఠం చెబుతుండగా చేతులు వణికాయి, కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి, మాట తడబడింది. విద్యార్థులు పరుగెత్తి వెళ్ళి చక్కెర కలిపిన నీళ్ళు తెచ్చి త్రాగించారు. చక్కెర వ్యాధికి వేసుకునే కొన్ని మాత్రలు, ఇన్సులిన్ తీసుకుంటూ భోజనం మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఆ ఇంగితం మాకు లేకపోయింది. ఆ వారంలోనే ఒక వలీమా వచ్చింది. పది రోజుల ఆకలిని ఒక్క పూటలో తీర్చుకున్నాము. నెల తిరిగేసరికి తగ్గిన నాలుగు కిలోలూ తిరిగి వచ్చాయి.

మమ్మల్ని పరీక్షించిన డాక్టరమ్మ కోప్పడలేదు. “మౌలానా గారూ, మీరు చేసింది శిక్ష. మీకు కావాల్సింది క్రమం” అన్నారు. ఆ మాట మాకు పాఠం చెప్పినట్లుగా ఉన్నది. కొద్దిదైనా నిలకడగా సాగే ఆచరణయే అల్లాహ్‌కు ఎక్కువ ప్రీతికరమన్న హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనాన్ని మేము ఎన్నిసార్లు బోధించి ఉంటామో! ఆరాధనకు మాత్రమే వర్తించే నియమమని అనుకున్నాము కాబోలు, పళ్ళెం దగ్గర దాన్ని మరచిపోయాము. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఎడతెగకుండా ఉపవాసాలుంటూ, రాత్రంతా నమాజులు చేస్తుంటే, నీ శరీరానికి కూడా నీపై హక్కున్నదని దైవప్రవక్త (స) ఆయనను వారించారు. శరీరాన్ని కుక్కి నింపడం ఎలా దాని హక్కును హరించడమో, ఒక్కసారిగా మాడ్చడం కూడా అలాగే హరించడం.

నమాజుల మధ్య అమర్చుకున్న ఆహారం

ఆ తరువాత పోషకాహార నిపుణురాలైన మరొక సోదరి మాతో గంటసేపు కూర్చుని ఒక కాగితం మీద రోజంతటి ఆహారాన్ని వ్రాసి ఇచ్చారు. మేము రోజూ ఏమి తింటామో అడిగారు. చాయ్‌లు ఎన్ని అన్నప్పుడు ఆరు అన్నాము. కప్పుకు రెండు చెంచాల చక్కెర. మొత్తం పన్నెండు చెంచాలు, అంటే దాదాపు 60 గ్రాములు. ఆ ఒక్క చక్కెర ద్వారానే రోజుకు 240 కేలరీల శక్తి అనవసరంగా చేరుతున్నదని ఆమె లెక్క వేసి చూపారు. మేము భోజనాన్నే దోషిగా చూస్తూ వచ్చాము. చాయ్‌ను లెక్కలోనికే తీసుకోలేదు.

ఆమె వ్రాసిచ్చిన కాగితంలో మూడు చిన్న భోజనాలు, మూడు అల్పాహారాలు ఉన్నాయి. గడియారం చూసి తినే అలవాటు మాకు లేదు కనుక వాటిని నమాజు వేళలతో ముడివేసుకున్నాము.

ఫజర్ తరువాత నీళ్ళు, చక్కెర లేని చాయ్, నానబెట్టిన అయిదారు బాదం పప్పులు, ఆపై నడక. ఎనిమిది గంటలకు రెండు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు. కొన్ని రోజులు ఇడ్లీలకు బదులు చెంచాడు నూనెతో కాల్చిన పెసరట్టు. పదకొండు గంటలకు ఒక జామకాయ గానీ పలుచని మజ్జిగ గానీ. జుహర్ తరువాత భోజనం. అసర్ తరువాత గుప్పెడు వేయించిన శనగలు, చక్కెర లేని చాయ్. మగ్రిబ్‌కూ ఇషాకూ మధ్య ఒక జొన్న రొట్టె లేదా రెండు పుల్కాలు, ఆకుకూర పప్పు లేదా కూర. ఇషా తరువాత నోటికి తాళం. ఇదంతా కలిపితే సుమారు 1,400 నుండి 1,500 కేలరీలు అవుతుంది.

మధ్యాహ్న భోజనం పళ్ళేన్ని ఎలా నింపాలో కూడా ఆమె నేర్పారు. సగం పళ్ళెం కూరగాయలు, ఆకుకూరలు. పావు భాగం పప్పు గానీ, చేప గానీ, చర్మం తీసిన కోడిమాంసం గానీ. మిగిలిన పావు భాగమే అన్నం, అంటే వండిన అన్నం ఒక కప్పు. పక్కన చిన్న గిన్నెడు పెరుగు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు చేసే పళ్ళెంలో కూడా సగభాగం కూరగాయలు, పండ్లదే. మన ఇళ్ళల్లో ఈ లెక్క తలక్రిందులుగా ఉంటుంది. ముప్పావు వంతు అన్నం, దాని మీద సాలన్, పక్కన అలంకారానికి రెండు ఉల్లిపాయ ముక్కలు. బగారా అన్నం, దాల్చా ఉన్న రోజున ఆ ఉల్లిపాయ ముక్కలు కూడా ఉండవు.

నూనె గురించి ఒక్క మాట. ఒక టీ చెంచా నూనెలో 45 కేలరీలు ఉంటాయి. మా ఇంట్లో గరిటెతో నూనె పోయడమే అలవాటు. ఇప్పుడు మా ఇంటివారు చెంచాతో కొలిచి పోస్తున్నారు. రుచి తగ్గిందా అని పాఠకులు అడగవచ్చు. మొదటి రెండు వారాలు తగ్గినట్లే అనిపించింది. ఆ తరువాత నాలుక ఆ రుచికి అలవాటు పడింది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. కొద్దికొద్దిగా అనేకసార్లు తింటే శరీరంలో కొవ్వు దానంతటదే కరిగిపోతుందని కొందరు చెబుతుంటారు. అది నిజం కాదు. రోజు మొత్తంలో ఎంత తిన్నామన్నదే బరువును నిర్ణయిస్తుంది. ఆరుసార్లు తినడం వల్ల మాకు కలిగిన లాభం వేరు. పూట పూటకూ మధ్య ఆకలి ముదిరి, కనిపించిన దానిపై పడే దురవస్థ తప్పింది. కొందరికి రెండు మూడు పూటలే అనుకూలం కావచ్చు. అల్పాహారం పేరుతో సమోసాలు, మిర్చి బజ్జీలు, ఉస్మానియా బిస్కట్లు తినేవారికైతే ఆరుసార్లు తినే పద్ధతి మేలుకు బదులు కీడే చేస్తుంది.

హాఫిజ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మ) తన గ్రంథం ‘జాదుల్ మఆద్’లో ఆహారానికి మూడు స్థాయిలున్నాయని వివరించారు. మొదటిది అవసరం, రెండవది సరిపడినంత, మూడవది మిగులు. మేము ఇరవై ఏళ్ళుగా మూడవ స్థాయిలో నివసిస్తూ దాన్నే మొదటి స్థాయి అనుకున్నామని ఆ కాగితం మాకు తెలియజేసింది.

దస్తర్‌ఖాన్ దగ్గరి పరీక్ష

ఆహార పట్టిక వ్రాసుకోవడం తేలిక. నలుగురిలో దాన్ని పాటించడమే కష్టం.

మా ఇంట్లో అందరం ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని తింటాము. కలిసి తినడంలో బర్కత్ ఉన్నది. ఆ అలవాటును మానుకోవడం మాకు ఇష్టం లేదు. కానీ ఒకే పళ్ళెంలో ఎవరు ఎంత తిన్నారో తెలియదు. చివరికి ఒక మార్గం దొరికింది. మా వంతు అన్నం, కూర ముందుగానే ఒక చిన్న పళ్ళెంలో వేసుకుని అదే దస్తర్‌ఖాన్ మీద అందరితో కలిసి కూర్చుంటున్నాము. ముద్దను నిదానంగా నమలడం, మధ్యలో మాట్లాడడం అలవాటు చేసుకున్నాము. కడుపు నిండిన సంగతి మెదడుకు చేరడానికి కొంత సమయం పడుతుంది. పది నిమిషాల్లో భోజనం ముగించేవానికి ఆ సంగతి తెలిసేసరికి పళ్ళెం ఖాళీ అయి ఉంటుంది.

దావత్‌ల విషయం ఇంకా సున్నితమైనది. ఆహ్వానాన్ని మన్నించడం సున్నతు. కానీ ఆహ్వానాన్ని మన్నించడమంటే పళ్ళెం నిండా తినడం కాదు. మేము వెళ్తున్నాము, ముందుగా సలాడ్, రైతా అడిగి తీసుకుంటున్నాము, గుప్పెడు బిర్యానీ, రెండు మాంసం ముక్కలు తిని చెయ్యి ఆపుతున్నాము. ఖుబానీ కా మీఠా వచ్చినప్పుడు ఒక చెంచా. “ఇంతేనా హజ్రత్? వంట బాగాలేదా?” అని అడిగితే, దైవప్రవక్త (స) ఏ ఆహారాన్నీ తప్పుపట్టలేదని, ఇష్టమైతే తిని లేకుంటే వదిలివేసేవారని గుర్తుచేసి, “వంట అమోఘంగా ఉన్నది, మా వంతు ఇంతే” అని నవ్వుతూ చెబుతున్నాము. ఇప్పటివరకు ఎవరూ నొచ్చుకోలేదు. ఇరవై ఏళ్ళు మేము భయపడింది లేని నీడకు.

అతిథికి వడ్డించే సోదరులకు ఒక మనవి. “ఒక్క ముద్ద, నా మీద ఒట్టు” అని బలవంతపెట్టడం ప్రేమ అనుకుంటున్నాము. ఎదుటివాని జేబులో ఏ మాత్రలున్నాయో మనకు తెలియదు. అతిథి చెయ్యి అడ్డు పెడితే గరిటె ఆపడం కూడా ఆతిథ్యమే.

నమాజు వ్యాయామమా?

“రోజుకు ఐదుపూటలా నమాజు చేసేవారికి వేరే వ్యాయామం ఎందుకు?” అన్న మాట మన సమాజంలో తరచుగా వినబడుతుంది. మేము కూడా ఒకప్పుడు అన్నవారమే. ఈ మాటను వినయంగా సరిదిద్దుకోవాలి. నమాజు దాసుడు తన ప్రభువు ఎదుట నిలబడే ఘడియ. దాన్ని కసరత్తుగా లెక్కించడం దాని స్థాయిని తగ్గించడమే. శరీరానికి కావలసిన శ్రమ మరొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమను, దానితోపాటు వారానికి రెండు రోజులైనా కండరాలను బలపరిచే వ్యాయామాన్ని సిఫారసు చేస్తున్నది. ఓ మోస్తరు శ్రమ అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంత వేగం.

మేము పది నిమిషాలతో మొదలుపెట్టాము. మోకాళ్ళ నొప్పి వల్ల అంతకు మించి సాధ్యం కాలేదు. వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుకుంటూ మూడవ నెలకు అరగంటకు చేరాము. రాత్రి భోజనం తరువాత మరో పావుగంట నెమ్మదైన నడక. భోజనానంతర నడక రక్తంలో చక్కెర పెరగడాన్ని తగ్గిస్తుంది. ఇదిగాక డాక్టరమ్మ నేర్పిన మరో వ్యాయామం ఉన్నది. కుర్చీలో కూర్చుని, చేతులు ఊనకుండా లేచి నిలబడాలి, మళ్ళీ కూర్చోవాలి. మొదటి రోజు మూడుసార్లు లేచాము. ఇప్పుడు పన్నెండుసార్లు, రెండు విడతలుగా లేస్తున్నాము. తొడ కండరాలు బలపడితే మోకాలిపై భారం తగ్గుతుంది. ఏ కుర్చీ మమ్మల్ని సజ్దాకు దూరం చేసిందో ఆ కుర్చీయే ఇప్పుడు సజ్దా వైపు నడిపిస్తున్నది.

దైవప్రవక్త (స) శనివారాల్లో ఖుబా మస్జిదుకు ఒక్కోసారి నడిచి, ఒక్కోసారి వాహనంపై వెళ్ళేవారని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) తెలిపారు. ఇక అబూ దావూద్‌లోని ఉల్లేఖనం ఇంటింటా చెప్పుకోదగినది. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) దైవప్రవక్త (స)తో పరుగు పందెం వేసి గెలిచారు. కొంతకాలానికి ఆమె ఒళ్ళు చేశాక మళ్ళీ పందెం జరిగింది. ఈసారి ఆయన గెలిచి, ఇది ఆనాటి పందేనికి బదులని అన్నారు. భార్యాభర్తలు కలిసి నడవడాన్ని, పరుగెత్తడాన్ని చిన్నతనంగా చూసే మన వీధులకు ఈ సంఘటన గుర్తుచేయాలి.

ఇంటి సోదరీమణులతో

మా బరువు తగ్గే లెక్కలు చూస్తూ ఒకనాడు మా ఇంటివారు, “ఏమండీ, మీ పళ్ళెం గురించి అందరూ అడుగుతున్నారు. నా పళ్ళెం ఎవరైనా చూశారా?” అన్నారు. ఆ మాట మాకు గుచ్చుకున్నది. అందరికీ వడ్డించి, అందరూ తిన్నాక, చల్లారిన అన్నం, గిన్నె అడుగున మిగిలిన నూనె, పిల్లలు వదిలేసిన ముద్దలు వృథా కాకూడదని తినడం మన తల్లుల, సోదరీమణుల అలవాటు. వృథా చేయరాదన్నది నిజమే. కానీ మిగిలిన అన్నానికి చోటు ఇల్లాలి కడుపు కాదు. కొలిచి వండడమే దానికి పరిష్కారం. ఇద్దరి ఆహారం నలుగురికి సరిపోతుందన్న హదీసు వంటింటికి కూడా మంచి కొలబద్ద.

మన ప్రాంతపు శరీరాలకు తగినట్లుగా వైద్యులు చెప్పే హద్దులు ఇవి: నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. ఇంట్లో ఉన్న దర్జీ టేపుతోనే కొలుచుకోవచ్చు. బయట నడిచే వీలు లేని సోదరీమణులు మేడపైన, వరండాలో నడవవచ్చు. ఇప్పుడు ఇషా తరువాత మా ఇంటివారూ మేమూ కలిసే నడుస్తున్నాము. ముప్పై ఏళ్ళ సంసారంలో మేమిద్దరం మాట్లాడుకున్న దానికన్నా ఈ ఎనిమిది నెలల నడకలో ఎక్కువ మాట్లాడుకున్నామేమో!

ఒళ్ళు చేసిన ప్రతివారూ తిండిపోతులని తీర్మానించడం కూడా అన్యాయమే. థైరాయిడ్ లోపం, కొన్ని మందులు, వంశపారంపర్యం, నిద్రలేమి వంటివి కూడా బరువును పెంచుతాయి. ఆడపిల్లల శరీరాలపై ఇంట్లోవారు చేసే వ్యాఖ్యలు వారిని కృంగదీస్తాయే గాని, ఒక గ్రాము కూడా తగ్గించవు.

రమజాన్‌లో ఏం చేయాలి?

ఆరుసార్లు తినే పద్ధతి రమజాన్‌లో వీలుకాదు. వీలు కావాల్సిన అవసరమూ లేదు. ఆహారం పరిమాణం అదే, వేళలే మారుతాయి. రెండు ఖర్జూరాలు, నీళ్ళు, కాసిని పండ్లతో ఇఫ్తార్ చేసి, మగ్రిబ్ నమాజు తరువాత పైన చెప్పిన పళ్ళెం కొలతతోనే భోజనం. సహరీని వదలకూడదు, అందులో గుడ్డు, పప్పు, జొన్న రొట్టె వంటి నిదానంగా అరిగే ఆహారం ఉండాలి. పగలంతా ఉపవాసముండి రాత్రంతా వేపుళ్ళు, హలీం, షర్బత్‌లతో గడిపితే ఆ నెలలో బరువు పెరుగుతుంది. మా విషయంలో ప్రతి రమజాన్‌లోనూ పెరిగింది.

చక్కెర వ్యాధి ఉన్నవారు రమజాన్‌కు నెలన్నర, రెండు నెలల ముందే వైద్యుని సంప్రదించి మాత్రల మోతాదును, వేళలను సరిచేయించుకోవాలి. ఉపవాసం ఎవరికి ప్రమాదమో వైద్యుడు చెప్పినప్పుడు షరీఅతు ఇచ్చిన మినహాయింపును స్వీకరించడం బలహీన విశ్వాసం కాదు. సోమ, గురువారాల నఫిల్ ఉపవాసాల విషయంలో కూడా మేము ఇప్పుడు డాక్టరమ్మను అడిగే నిర్ణయించుకుంటున్నాము.

ఎనిమిది నెలల తరువాత

ఫలితం అడిగే పాఠకుల కోసం ఉన్నదున్నట్లు చెబుతాము. ఎనిమిది నెలల్లో 91 కిలోల నుండి 82 కిలోలకు వచ్చాము. నెలకు కిలో కొంచెం పైన. నాలుగవ నెలలో దాదాపు ఆరు వారాలు ముల్లు కదలలేదు. శరీరం తేలికైన కొద్దీ దానికి కావలసిన శక్తి కూడా తగ్గుతుంది కనుక అలా జరగడం సహజమని చెప్పారు. ఆ ఆరు వారాలు మాత్రం సబ్ర్ అంటే ఏమిటో మాకు మళ్ళీ నేర్పాయి. అదే సమయంలో వీధిలో కొందరు, “మౌలానాకు ఏదో పెద్ద జబ్బు చేసిందట, చిక్కిపోతున్నారు” అన్నారు. జబ్బు తగ్గుతుంటే జబ్బు చేసిందంటారు!

మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్షలో మొదట 8.1 ఉన్నది, ఇప్పుడు 6.9కి తగ్గింది. మాత్రలు పూర్తిగా మానలేదు, ఒకదాన్ని డాక్టరమ్మయే తగ్గించారు. లెక్క ప్రకారం మా బరువు ఇంకా ఎక్కువే. అయితే శరీర బరువులో అయిదు నుండి పది శాతం తగ్గినా చక్కెర, రక్తపోటు మెరుగుపడతాయని వైద్యులు చెబుతారు. ఆ మాట మా విషయంలో నిజమైంది. మా పట్టికను యథాతథంగా ఎవరూ అనుసరించవద్దు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఎదిగే పిల్లలకు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి వేరే లెక్కలుంటాయి. ఎవరి కాగితం వారు వ్రాయించుకోవాలి.

గత నెల ఒక రాత్రి తహజ్జుద్ వేళ ఇంట్లో ఎవరూ లేవకముందే జానమాజు పరచి, కుర్చీని దూరంగా జరిపి నిలబడ్డాము. రుకూ చేశాము. భయపడుతూ మోకాళ్ళను నేలకు ఆనించాము. నుదురు నేలను తాకినప్పుడు రెండేళ్ళ తరువాత చాప వాసన తెలిసింది. ఎంతసేపు ఆ సజ్దాలో ఉన్నామో గుర్తులేదు. లేవడానికి గోడను పట్టుకోవలసి వచ్చింది. చలి ఎక్కువగా ఉన్న ఉదయాల్లో ఇప్పటికీ కుర్చీ అవసరమవుతున్నది, అది మస్జిదులో మా వరుస చివరన ఉండనే ఉన్నది. అయినా చాలా నమాజులు నేల మీదే చేయగలుగుతున్నాము. అల్‌హందులిల్లాహ్.

మరుసటి రోజు పాఠం ముగిశాక ఆ బాలుణ్ణి పిలిచి, “నీ ప్రశ్నకు జవాబు ఆలస్యమైంది” అన్నాము. వాడు ఏ ప్రశ్న అని అడిగాడు. వాడు మరచిపోయాడు. మూడవ భాగంలో కూడా అన్నం పెడితే మొదట మెట్ల దగ్గర శ్వాస తగ్గుతుందని, తరువాత సజ్దా దూరమవుతుందని, ఆ తరువాత ఇంట్లోవారు ఏడుస్తారని చెప్పాము. వాడు బుద్ధిగా తన పుస్తకంలో వ్రాసుకున్నాడు.

శరీరం మనకు అప్పగించబడిన అమానతు. దాన్ని ఎలా ఖర్చు చేశావని ప్రశ్నించబడే రోజు ఉన్నది. తినండి, త్రాగండి, కాని మితిమీరవద్దని అల్ ఆరాఫ్ సూరాలో మనకు అందిన ఆదేశాన్ని ఈ పూట పళ్ళెం నుండే మొదలుపెట్టుదాం. ఒక ముద్ద తగ్గిద్దాం, పది నిమిషాలు నడుద్దాం, రేపు మళ్ళీ అదే చేద్దాం. అల్లాహ్ మనకూ మన కుటుంబాలకూ ఆరోగ్యాన్ని, ఆ ఆరోగ్యంతో ఆయన ఎదుట నిలబడే, వంగే, సాష్టాంగపడే భాగ్యాన్ని చివరి శ్వాస వరకు ప్రసాదించుగాక! ఆమీన్.